పాత యాటలు, చిన్న యంత్రములు

మన దేశమున ప్రాచీన దేవాలయముల మండపములలో రాతిపలకల మీద పులిజూదపు గీతలును, వామనగుంటలును చెక్కియుండుట మీలో ననేకులు చూచియే యుందురు. వానిని చెక్కిన వారెవరో మన మెరుగము. వారు పోయినను ఆట పోలేదు. నాలుగు గులకరాళ్లును, గుప్పెడు చింతగింజలును ఏరి తెచ్చుకొన్నచో నేడు సైతము ఆ బండమీద కూర్చుండి ఆడుకొనవచ్చును. ఆ యాటకు పీట రాయి. రాయికి ఆయుష్యము మెండు.

కంప్యూటరు మీద నాడు నాటల గతి యిట్టిది కాదు. వానికి పీట యంత్రము. యంత్రము పదియేండ్లో, పదునైదేండ్లో పనిచేసి మూలపడును. దానితో కూడ దానికొరకు వ్రాసిన యాటయు మూగవోవును. అమెరికా దేశమున వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ 2023లో లెక్కతీసి, 2010వ సంవత్సరమునకు పూర్వము ఆ దేశమున వెలువడిన యాటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుట లేదని ప్రకటించెను. గ్రంథము వ్రాసి నలుబది యేండ్లు గడవకమున్నే నూటికి 87 గ్రంథములు చదువ వీలులేనివైనచో ఆ జాతి వాఙ్మయము గతి యేమగునో మీరే యూహింపవచ్చును.

కావుననే, బాల్యమున నాడిన యాటలను మరల నాడగోరువారు నేడు లోకమంతట పాత చిన్న ల్యాప్‌టాపులను వెదకి కొనుచున్నారు. ల్యాప్‌టాపు అనగా ఒడిలో నుంచుకొని వాడుకొనదగిన మడతకంప్యూటరు. పాత సామానుల బల్ల మీద స్థలము చాలని యింటివారికి ఈ మడతయంత్రము అలమారలో నొక మూల నిముడును. ఇట్లు కోరువారు పలువురు నలుబది, యేబది యేండ్ల ప్రాయమువారు; అనగా మీ బిడ్డలవంటివారు. 1990ల నాడు మన పట్టణములలోని కంప్యూటరు శిక్షణాలయములలో పాఠము ముగిసిన పిదప, గురువుగారు చూడకుండ నొక యాట యాడినవారు వారిలో ననేకులు. క్రొత్త యంత్రము లుండగా పాతదాని నేల కొనవలెనని పెద్దలకు తోచుట సహజము. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో ముందుగా ఈ చిన్న యంత్రముల పుట్టుక కొంత చెప్పవలసియున్నది.

మొదటి దినములలో చిన్న యంత్రమను మాటయే లేదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్ అను యువకుడు తన మిత్రులతో కలిసి ‘స్పేస్‌వార్’ అను ఆకాశయుద్ధపు టాటను సిద్ధపరచెను. అది నడచిన పీ.డీ.పీ.-1 అను యంత్రము పెద్ద బీరువాల వరుసవలె నుండెడిది. ఆడగోరువాడు యంత్రము కడకు పోవలసినదే కాని యంత్రము వాని కడకు వచ్చుట లేదు.

యంత్రమును చేతబట్టుకొని పోవచ్చునని అంగడిలో గట్టిగా చూపినవాడు ఆడమ్ ఆస్‌బర్న్. 1939లో బ్యాంకాకున జన్మించిన యీతడు బాల్యమున కొంతకాలము అరుణాచల క్షేత్రమున, శ్రీ రమణమహర్షి యాశ్రమమునకు చేరువను పెరిగినవాడు. తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ మహర్షి జీవితచరిత్రమును ఆంగ్లమున రచించిన భక్తుడు. కుమారుడు అమెరికా చేరి, 1981 ఏప్రిల్ నెలలో ‘ఆస్‌బర్న్ 1’ అను యంత్రమును ప్రదర్శించెను. దాని బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళములు. వెల 1,795 డాలర్లు. మూతవేసినచో కుట్టుమిషను పెట్టెవలె కనబడెడిది. 1983లో ఆ వ్యాపారము దివాలా తీసెను. ఆడమ్ తుదకు మన దక్షిణదేశమునకే తిరిగివచ్చి 2003లో కొడైకెనాలున కన్నుమూసెను.

పుస్తకమువలె తెరచి మూయు రూపము 1982లో ‘గ్రిడ్ కంపాస్’ అను యంత్రముతో వచ్చినది. దాని రూపమును దిద్దినవాడు బిల్ మాగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు. దానిని అమెరికావారు రోదసీనౌకలలో సైతము తీసికొనిపోయిరి. కాని వెల 8,000 డాలర్లకు పైబడుటచే సామాన్యునకు అందలేదు. ఆ నడుమ 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించెను. తక్కిన సంస్థలు దాని యొరవడిని అనుసరించి యంత్రములు చేయసాగినవి. ఒక యంత్రమునకు వ్రాసిన యాట మరియొక యంత్రమున నడచుట అప్పుడు సాధ్యమైనది. 1985లో జపానుదేశపు తోషిబా సంస్థ ఆ యొరవడిలోనే, బ్యాటరీతో నడచు ‘టీ 1100’ను తెచ్చెను. దాని బరువు సుమారు 4 కిలోలు.

అటుపిమ్మట యంత్రము చిక్కుచునే వచ్చినది. 1994లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ చేసిన ‘200 ఎల్.ఎక్స్.’ గోడగడియారములో వేయు చిన్న బ్యాటరీలు రెండింటితో నడచుచు, అంగీజేబులో నిమిడెడిది. 1996లో తోషిబావారి ‘లిబ్రెట్టో’ వచ్చినది. దాని తెర 6.1 అంగుళములు, బరువు 840 గ్రాములు. అనగా మన పాతలెక్కను వీశెడైన లేదు. 2007లో తైవానుదేశపు ఆసుస్ సంస్థ 7 అంగుళముల తెరతో, కిలోకు తక్కువ బరువుతో ‘ఈ పీసీ’ అను చవుక యంత్రమును తెచ్చి, చిన్న యంత్రము ధనికుల యలంకారము కాదని చూపెను.

ఇది యంత్రముల వంశక్రమము. ఇక ఆటలకును వీనికిని గల బంధమును చూతము.

నేను పాత యాట నొకదానిని నేటి యంత్రముపై నాడజూచునప్పుడు కలుగు చిక్కులలో మొదటిది వేగము. గ్రామఫోను ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగవలెనని చేసినది. దానిని 100 చుట్లు త్రిప్పినచో గాయకుని గొంతు కీచుగొంతగును. పాత యాటలలో ననేకము లిట్లే చేయబడినవి. ఐ.బి.ఎం.వారి మొదటి యంత్రములోని 8088 అను చిప్పు సెకనునకు 47 లక్షల 70 వేల తాళములు వేసెడిది. ఆట వ్రాసినవారు ఆ తాళమును నమ్ముకొని అడుగులు లెక్కించిరి. తాళము పదిరెట్లయినప్పుడు శత్రువును పదిరెట్లు వేగముగా వచ్చి మీద పడును. ఆడువాడు వ్రేలు కదల్చుటకు మునుపే ఆట ముగియును. ఈ కారణముననే ఆ కాలపు యంత్రములు పెక్కింటికి ‘టర్బో’ అను మీట నొకదానిని పెట్టిరి. పేరున వేగము కలదు గాని, దాని నిజమైన ప్రయోజనము యంత్రమును నెమ్మదింపజేయుటయే.

రెండవ చిక్కు ధ్వని. 1987లో కెనడాదేశపు ‘యాడ్‌లిబ్’ పలకయు, 1989లో సింగపూరు సంస్థ క్రియేటివ్ వారి ‘సౌండ్ బ్లాస్టర్’ పలకయు వచ్చువరకు ఐ.బి.ఎం. యొరవడి యంత్రములు పెక్కింటికి కీచుమను చిన్న స్పీకరు తప్ప వేరు గొంతు లేదు. ఆ పలకలు వచ్చినపిదప ఆటలవారు నేరుగా వానితోనే మాటలాడునట్లు ఆటలు వ్రాసిరి. తరువాతి కాలపు యంత్రములలోని ధ్వనిచిప్పులకు ఆ పాతభాష రాదు. ఆట నడచును, సంగీతము వినబడదు. వాద్యములు లేని హరికథవలె నుండును.

మూడవ చిక్కు తెర. పాత గాజుతెర యే కొలత బొమ్మనైనను తన నిండ సాగదీసికొని చూపెడిది. ల్యాప్‌టాపుతెర అట్లు కాదు. దానిలో చుక్కలు లెక్కకు బిగింపబడియుండును. 1987 తరువాతి యాటలు పెక్కింటికి బొమ్మ అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలు. తెర అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలు గలదైనచో ఒక్కొక్క చుక్క నాలుగు చుక్కలై, పైనను క్రిందను కొంత నలుపు మిగిలి, బొమ్మ శుభ్రముగా వచ్చును. తెర 800 చుక్కల వెడల్పు గలదైనచో లెక్క సరిపోదు. బొమ్మ నడుమ చిన్నదిగా మిగులును. లేదా సాగదీసిన చీరయంచువలె వంకరలు పోవును. ఇంకొక మాట. ఆనాటి చవుకతెరలలో కదలుచున్న బొమ్మ వెనుక నీడ యీడ్చుకొని వచ్చెడిది. ‘టీ.ఎఫ్.టీ.’ అను మేలురకపు తెరకు ఈ దోషము మిక్కిలి తక్కువ. ఐ.బి.ఎం.వారు 1992లో విడుదల చేసిన ‘థింక్‌ప్యాడ్ 700 సీ’కి 10.4 అంగుళముల రంగుతెర ఈ జాతిదే యగుటచే అంత ప్రఖ్యాతి వచ్చినది.

ఈ మూడింటిని బట్టి నేను నమ్మిన సూత్ర మొక్కటి కలదు: ముందు యంత్రమును చూడరాదు, ముందు ఆట పుట్టిన సంవత్సరమును చూడవలెను. పెండ్లికుమారుని యీడు తెలియక పెండ్లికూతును వెదకుట యెట్టిదో, ఆట యీడు తెలియక యంత్రమును వెదకుట యట్టిది. బలమైన యంత్రము మంచిదను మాట ఇచ్చట చెల్లదు. ఈడైన యంత్రమే మంచిది.

పాత యాటలను మూడు యుగములుగా విభజింపవచ్చును. మొదటిది 1981 మొదలు 1995 వరకు గల ‘డాస్’ యుగము. డాస్ అనగా తెరపై అక్షరములు కొట్టి యాజ్ఞలిచ్చు పద్ధతి. 1984లో మాస్కో నగరమున సోవియట్ విజ్ఞానపరిషత్తు వారి గణనకేంద్రములో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన ‘టెట్రిస్’ ఈ యుగములోనే ఐ.బి.ఎం. యంత్రములకు వచ్చినది. జోర్డాన్ మెక్నర్ 1989లో వెలువరించిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ యీ కాలమునదే. ఇతడు తన తమ్ముని పరుగెత్తించి, దూకించి, చిత్రములు తీసి, ఆ చిత్రములపై గీతలు గీసి రాకుమారునికి నడక నేర్పెను. ఆ రాకుమారుడు కారాగారమునుండి బయటపడి రాకుమార్తెను రక్షించుటకు గడువు 60 నిమిషములు. ఇట్టి యాటలకు 486 లేక మొదటి పెంటియం చిప్పుగల ల్యాప్‌టాపు తగును. లిబ్రెట్టో వంటి చిన్నవానిని కోరువారు ఈ యుగపు ప్రియులే.

రెండవది 1995 ఆగస్టున విండోస్ 95 వచ్చినది మొదలు 2001 వరకు. ఈ యుగపు టాటలకు విండోస్ 98తో నడచు పెంటియం 2 లేక 3 చిప్పు యంత్రము చాలును. కాని యొక జాగ్రత్త కావలెను. అప్పటి యాటలలో కొన్ని 3డీఎఫ్‌ఎక్స్ సంస్థ 1996లో తెచ్చిన ‘వూడూ’ అను బొమ్మలపలకను ఉద్దేశించినవి. ఆ పలక పెద్ద యంత్రములకే గాని చిన్న ల్యాప్‌టాపులలో నుండదు. అట్టి యాటల కొరకు ల్యాప్‌టాపు కొనుట ధనవ్యయము.

మూడవది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన పిమ్మటి కాలము. దీనికి 2003 నాటి ‘థింక్‌ప్యాడ్ ఎక్స్ 31’ వంటిది చక్కగా తగును. తెర 12.1 అంగుళములు, చుక్కలు అడ్డముగా 1,024, నిలువుగా 768. పాత యాటలకు కావలసిన చదరపు పోలిక గల తెర యది. తరువాతి యంత్రముల తెరలు సినిమాతెరవలె వెడల్పయి, పాత బొమ్మకు రెండు ప్రక్కల ఖాళీ మిగిల్చినవి.

ఆట యీడు తెలిసినది. యంత్రపు టీడు తెలిసినది. ఇక అంగడిలో పరీక్షింపవలసినవి కొన్ని. పశువును కొనువాడు పండ్లు చూచినట్లు, ల్యాప్‌టాపును కొనువాడు మొదట తెరకును పీటకును నడుమ నున్న మడతబందును చూడవలెను; అది పగిలినచో తెరతీగయు తెగును. బ్యాటరీ పనిచేయునని ఆశింపరాదు. ఇరువది యేండ్ల బ్యాటరీ యెండిన చెరువు. దానికి తగిన అడాప్టరు కలదా, గోడకరెంటుతో యంత్రము నిలకడగా నడచునా యని చూచిన చాలును. లోపల గడియారమును నడపు చిన్న బ్యాటరీ మరియొకటి యుండును. కొన్ని పాత యంత్రములలో అది కారి, చుట్టునున్న రాగితీగలను తినివేయును. అమ్మువాడు మూతవిప్పి చూపినచో మేలు.

పిమ్మట మీటలు. చిన్న యంత్రములకు ప్రక్కన అంకెలమీటలు ప్రత్యేకముగా నుండవు. సిడ్ మేయర్ 1991లో వెలువరించిన ‘సివిలైజేషన్’ అను రాజ్యనిర్మాణపు టాటలో పావును మూలగా జరుపుటకు ఆ యంకెలమీటలే యాధారము. చదరంగమున శకటు నడవనిచో ఆట యేమి సాగును? కాబట్టి తాను ఆడదలచిన యాట యే మీటలను కోరునో ముందే తెలిసికొనవలెను.

ఆటను యంత్రములోనికి ఎక్కించు దారి యేదియో అంతకంటె ముఖ్యము. మొదటి యుగపు యంత్రములకు నేటి పెన్‌డ్రైవు పట్టు రంధ్రము లేదు. ఫ్లాపీ యైనను, ప్రక్కన కార్డు దూర్చు సందైనను ఉండవలెను. తలుపు లేని గాదెలో ధాన్యము పోయజాలము గదా. హార్డుడిస్కు పాతదై గరగరలాడినచో, దాని స్థానమున కెమెరాలలో వాడిన చిన్న మెమరీకార్డును తగిన అమరికతో పెట్టుకొనువారు కలరు. యంత్రము చప్పుడు లేక నడచును.

ఇంకొక హెచ్చరిక పెద్దలకు ముఖ్యముగా చెప్పవలసియున్నది. విండోస్ 98కి రక్షణ సవరణలు 2006లోను, ఎక్స్‌పీకి 2014లోను నిలిచిపోయినవి. అట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు కలిపి, దానిపై బ్యాంకు లెక్కలు చూచుట గడియలేని తలుపు వెనుక నగలపెట్టె పెట్టుటయే. ఆటయంత్రము ఆటకే యుండవలెను.

‘ఇంత శ్రమ యేల? క్రొత్త యంత్రముననే పాత యాట నాడరాదా?’ యని మీరడుగవచ్చును. ఆడవచ్చును. నేటి 64 బిట్ల విండోసు పాత 16 బిట్ల యాటలను తనంత తాను నడపదు. కాని 2002లో వెలువడిన ‘డాస్‌బాక్స్’ అను ఉచిత ప్రోగ్రాము క్రొత్త యంత్రమునకు పాత యంత్రపు వేషము వేసి, తాళమును నెమ్మదింపజేసి, సౌండ్ బ్లాస్టరు గొంతును అనుకరించును. పోలండుదేశమున 2008లో మొదలైన ‘గాగ్’ అను విక్రయశాల హక్కుదారుల యనుమతితో పాత యాటలను నేటి యంత్రములకు సరిపరచి అమ్ముచున్నది. అందుచే నన్ను సలహా యడిగినవారికి నేను మొదట చెప్పునది, ఇంటనున్న యంత్రముపై డాస్‌బాక్సుతో ఆడి చూడుడనియే. అది మనస్సునకు నచ్చినచో ఒక్క రూపాయియు వెచ్చింపనక్కరలేదు. ఆ మీటల తాకిడియు, ఆ తెర వెలుగును, ఆ కీచుస్పీకరు గొంతును కూడ కావలెనన్న కోరిక యప్పటికిని తీరనివాడు పాత యంత్రమును కొనవచ్చును. నా యొద్దను 12 అంగుళముల తెరగల పాత చిన్న యంత్రమొకటి కలదు. దానిపై నేను మూడవయుగపు టాటలే యాడుదును. తక్కినవానికి డాస్‌బాక్సు చాలునని నా యభిప్రాయము.

ఈ వెదకులాట యెంతవరకు పోయినదనగా, 2023లో చైనాదేశపు పనివారు 1979 నాటి 8088 చిప్పుజాతితో ‘బుక్ 8088’ అను క్రొత్త చిన్న ల్యాప్‌టాపునే చేసి అమ్మసాగిరి. వేగము పెరుగుటయే పురోగమనమని నమ్మిన లోకము, పాత నడక కొరకు మరల క్రొత్త పాదములు చేయించుకొనుచున్నది.

దీనిలో నవ్వదగినది లేదని నేను తలచెదను. మన తాళపత్రముల చరిత్ర మనకు తెలియనిది కాదు. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో బ్రౌన్ దొరగారు తెలుగు తాళపత్రములను వెదకించి, పండితులచే ప్రతులు వ్రాయించి, సరిచూపించిరి. ప్రతి వ్రాసికొన్న గ్రంథము నిలిచినది. వ్రాసికొనని గ్రంథము చెదలకు మేతయైనది. ఆటల విషయముననైనను ఇంతే. 1993 డిసెంబరులో వెలువడిన ‘డూమ్’ అను ఆటకు మూలమైన వ్రాతను దానిని చేసినవారు 1997లో లోకమునకు విడిచిపెట్టిరి. అందుచే పలువురు దానిని తమతమ యంత్రములకు తిరిగి వ్రాసికొనిరి. నేటికిని అది చావలేదు. అట్టి భాగ్యము కలుగని యాటలు వేలు కలవు.

డాస్‌బాక్సు వంటిది ప్రతి వ్రాయుట. పాత ల్యాప్‌టాపును కాపాడుట మూలపత్రమును కాపాడుట. ప్రతి తప్పో ఒప్పో తెలియవలెనన్న మూలము ఎవరో యొకరి యింట నుండవలెను. కావున మీ యింటి బిడ్డ యెవడైనను పాత చిన్న కంప్యూటరు నొకదానిని తుడిచి, దిద్ది, దాచుకొనుచున్నచో వానిని చాదస్తుడని తీసివేయకుడు. ఆ యంత్ర మేయేటిదో, దానికి తగిన యాట యేదియో వానిని అడుగుడు. వాడు సంవత్సరముతో సహా చెప్పగలిగినచో, ఆ యంత్రము తగిన చేతులలోనే యున్నదని గ్రహింపుడు. మీ యటుకమీద అట్టి యంత్రమేదైన పాతబట్టల నడుమ పడియున్నచో, తూకమునకు అమ్మివేయుటకు ముందు ఒక్కమారు వానికి చూపింపుడు.